గుర్రం కాళ్ళు, హిట్టైట్ల భవిష్యత్తు

ఆఫీసులో అందరూ అతన్ని విశ్వకోశం అనేవాళ్ళు. ఆ బిరుదు తనకు కిక్కిరిసిన సభలో, చప్పట్లకి పైకప్పు పెచ్చులూడుతుండగా ఇచ్చారని అతను చెప్పుకునేవాడు. నిజానికి ఇచ్చింది ఆఫీసులో బొమ్మలు గీసే బొమ్మలాయన, ఇచ్చిన చోటు జిరాక్సు మిషను పక్కన. "ఈ కాగితం ఎందుకిరుక్కుందయ్యా?" అని బొమ్మలాయన ఖర్మకాలి అడిగితే, విశ్వకోశం కాగితం ఎవరు కనిపెట్టారో అక్కణ్ణుంచి మొదలుపెట్టి, ఎడారులు దాటించి, ఓడలెక్కించి, ఆ గదిలోకి తీసుకొచ్చేసరికి సాయంత్రమైంది. ఇరుక్కున్న కాగితం మాత్రం ఇరుక్కున్నట్టే ఉంది.

చరిత్ర డిగ్రీ రెండో ఏడాదిలో వదిలేశాడు. ఎందుకు వదిలేశావంటే అడిగినవాళ్ళని బట్టి జవాబు మారేది. పక్కింటివాళ్ళకైతే, తను వేసే ప్రశ్నలకి లెక్చరర్లు ఒక్కొక్కరే సెలవు పెట్టి పారిపోతుంటే ప్రిన్సిపాలే వచ్చి చేతులు పట్టుకుని బతిమాలుకున్నాడని చెప్పేవాడు. ఆఫీసులో, తనకి నేర్పడానికి అక్కడేమీ మిగల్లేదని చెప్పేవాడు. అక్కకి మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. పరీక్ష రోజు పొద్దున అతన్ని నిద్ర లేపింది ఆవిడే, మళ్ళీ ముసుగు తన్నడం చూసిందీ ఆవిడే.

ఆఫీసు ఓ దర్జీ షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారుచేసేవాళ్ళు. మొత్తం వాటాలో చల్లగా ఉండేది స్నానాలగది ఒక్కటే కాబట్టి పెద్ద కంప్యూటరు అందులో కాపురముండేది. చేతులు కడుక్కోవాలంటే కిందికెళ్ళి దర్జీని బతిమాలుకోవాలి. గొంతులు రికార్డు చేసే స్టూడియో అంటే ఒక పాత చెక్క బీరువా. లోపల చుట్టూ దుప్పట్లు వేలాడదీసి ఉండేవి. కాస్త ఒళ్ళున్న మనిషైతే ఒక కాలు బయటపెట్టి అరవాల్సిందే.

యజమానురాలిని అందరూ మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. పని పాడుచేస్తే "పర్లేదులెండి" అనేది, అంతే. ఆ ఒక్క మాటకి పెద్ద పెద్ద మగాళ్ళు మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ పైకొచ్చి పని సరిచేసేవాళ్ళు.

అప్పుడు చేస్తున్నది రాజ్యాల ఆట. దానికి చరిత్ర సలహాదారు విశ్వకోశం. ఆడేవాళ్ళు ముందు తామెవరో ఎంచుకోవాలి. ఈజిప్టువాళ్ళా, రోమన్లా, చైనావాళ్ళా అని. తర్వాత కట్టెలు కొట్టించాలి, కోట కట్టించాలి, పక్కవాడి మీద పడాలి. మొత్తం పన్నెండు నాగరికతలుంటాయని ప్రకటన ముందే బయటికి వెళ్ళిపోయింది. పదకొండు ఖాయమయ్యాయి. అవి ఖాయమైన పద్ధతి చూస్తే చరిత్రకారులు గుండె పట్టుకుని కూలబడతారు. ఈజిప్టు ఎందుకొచ్చిందంటే, పిరమిడ్ ఒక్క త్రికోణంతో అయిపోతుంది. చైనా ఎందుకంటే, ఒక్క ఇటుక గీసి గోడంతా అదే అతికించుకుంటూ పోవచ్చు. గ్రీకుల స్తంభాలు అంతకుముందెప్పుడో ఒక బ్యాంకు ప్రకటన కోసం గీసి మిగిలిపోయాయి. ప్రోగ్రామరమ్మాయి మనుషులు కొండెక్కే పద్ధతి ఒకటి రాసి, అది పారేయడం ఇష్టంలేక, "కొండల మీదుండే వాళ్ళెవరైనా ఉన్నారా అన్నా?" అని విశ్వకోశాన్ని అడిగితే దక్షిణ అమెరికా కొండల్లోని ఇంకాలు వచ్చారు.

మంగోలులూ వచ్చారు, కాలినడకన.

ఎందుకంటే బొమ్మలాయన గుర్రం గీయలేడు. తల గీస్తాడు, మెడ గీస్తాడు, జూలైతే దువ్వాలనిపించేంత బాగా గీస్తాడు. పొట్ట దాటి కిందికి దిగాడా, ఇక అంతే సంగతులు. అతని గుర్రం నడుస్తుంటే ఎవరో భోజనాల బల్లని మెట్ల మీంచి దించుతున్నట్టుండేది.

"గుర్రాల్లేని మంగోలులేంటయ్యా!" అని విశ్వకోశం జుట్టు పీక్కున్నాడు.

"ఉన్నాయి. మేతకెళ్ళాయి," అన్నాడు బొమ్మలాయన బ్రష్షు తుడుచుకుంటూ.

"ఎప్పుడొస్తాయి?"

"ఆటయిపోయాక."

ఇక మిగిలింది ఒక్క ఖాళీ. దానికోసం మేడమ్ గదిలో మీటింగు పెట్టారు. బొమ్మలాయన వైకింగులంటాడు, పడవలకి కాళ్ళుండవు కాబట్టి. విశ్వకోశం హిట్టైట్లంటాడు. కాలేజీలో అతను చదివిన ఆఖరి పాఠం వాళ్ళదే. అక్కడిదాకా చదివి పుస్తకం మూశాడు గనక, అతని లెక్కలో ప్రపంచ చరిత్ర హిట్టైట్లతో సమాప్తం. ఆ తర్వాత జరిగిందంతా చుట్టపు చూపు.

"ఎవరండీ వాళ్ళు?" అని అడిగింది మేడమ్.

"ఇప్పటి టర్కీలో రాజ్యమేలి, ఈజిప్టు రాజంతటివాడికి చెమటలు పట్టించినవాళ్ళండీ! రథానికి ముగ్గురు. తోలేవాడొకడు, డాలు పట్టేవాడొకడు, బల్లెంతో పొడిచేవాడొకడు. ఆ రథచక్రం తవ్వకాల్లో బయటపడ్డప్పుడు ఈ చేతుల్తోనే మట్టి దులిపాను. అప్పటికి నాకింకా మీసాలు కూడా రాలేదు."

"మీసాలు రానప్పుడు ఓడలో వంటవాడిగా ఉన్నానన్నారు కదన్నా మొన్న?" అంది ప్రోగ్రామరమ్మాయి.

"పొద్దున తవ్వకాలు, సాయంత్రం ఓడ."

"రథమంటే గుర్రాలు," అని బొమ్మలాయన గోడకి జారగిలబడ్డాడు. "రథానికి రెండు. ఎనిమిది కాళ్ళు. నన్ను చంపెయ్యండి."

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పర్లేదులెండి. శనివారం జనాన్ని పిలుస్తున్నాం కదా, ఆడి చూడ్డానికి. ఆ ఖాళీలో మీ హిట్టైట్లనే పెడదాం. ఒకసారి ఆడినవాళ్ళు ఎవరైనా సరే, మళ్ళీ వాళ్ళతోనే ఆడతామని నోరు తెరిచి అడిగితే, హిట్టైట్లుంటారు, మీరూ ఉంటారు. అడగకపోతే వైకింగులొస్తారు. మీకు మాత్రం... అసలు మాకు చరిత్ర సలహాదారు ఎందుకో నాకింతవరకూ బోధపడలేదండీ."

విశ్వకోశం బొమ్మలాయన గుర్రంలా మెట్లు దిగాడు. ఉద్యోగం పోతే ఎక్కడికెళ్ళాలో అతనికి తెలుసు. బావగారి టైల్స్ షాపుకి.

అతను ఉండేది అక్కాబావల ఇంట్లో వెనకగదిలోనే. బావ మంచివాడు. కాకపోతే బావమరిది అనే ప్రాణి టైల్స్ పెట్టెలు మోయడానికే పుట్టిందని అతని గట్టి నమ్మకం. షాపు పేరు వీపు మీద కుట్టించిన నీలం చొక్కా ఒకటి ఎప్పుడో తయారుచేయించి పెట్టాడు. కొలతలు ఎలా తెలిశాయంటే, బావమరిది నిద్రపోతుంటే టేపు పెట్టి కొలిచాడట.

"తొందరేం లేదు బావమరిదీ," అనేవాడు అన్నం తింటూ. "చొక్కా ఎక్కడికీ పోదు."

షాపు నడిపేది మాత్రం అక్క. కౌంటర్లో ఆవిడ కూర్చుంటే, తెల్ల టైల్స్ కోసం వచ్చినవాళ్ళు ఆకుపచ్చవి కొనుక్కుని, ఇన్నాళ్ళూ తెల్లవి ఇష్టపడ్డందుకు సిగ్గుపడుతూ వెళ్ళేవాళ్ళు. ఆవిడ గొంతెత్తితే వంకరగా పేర్చిన పెట్టెలు వాటంతటవే సర్దుకునేవి. వీధి చివర ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే ఆగని లారీలు ఆవిడ "ఒరేయ్" అంటే ఆగిన సందర్భాలున్నాయి.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. ఆటలో సైనికుడి మీద నొక్కితే వాడేదో ఒకటి అనాలి కదా. అసలు నటుడు వచ్చేదాకా, శబ్దం వస్తోందో లేదో చూడ్డానికి ఎవరిదో ఒకరిది తాత్కాలిక గొంతు పెడతారు. రోమన్లకి దర్జీ గొంతు, ఇంకాలకి ప్రోగ్రామరమ్మాయి తుమ్ములు పెట్టుకున్నారు. హిట్టైట్లకి ఎవరూ దొరక్క విశ్వకోశం షాపుకెళ్ళి ఫోను అక్క ముందు పెట్టాడు.

"అక్కా, ఒక్క ముక్క. 'చిత్తం ప్రభూ' అను."

"ఎవడ్రా ప్రభువు?"

"ఆట ఆడేవాడు."

"కుర్చీలో కూర్చుని బొమ్మలాడుకునేవాడికి నేను చిత్తం అనాలా? తిన్నాక పళ్ళెం కూడా ఎత్తని నువ్వే నాకు పని చెప్పేవాడివా? ఈ ఇంట్లో ఇంకెవరూ లేరా? అన్నిటికీ నేనేనా? అప్పుడే చెప్పాను, ఆ డిగ్రీ పూర్తిచెయ్యరా అని. చెప్పానా లేదా? నా మాట ఎవడు వింటాడు!"

కొనడానికి వచ్చినవాళ్ళు రెండు దఫాలు మారిపోయినా ఆవిడ ఆగలేదు. విశ్వకోశం బతికి బయటపడి, ఆఫీసుకొచ్చి చూసుకుంటే ఫోను అదంతా పట్టేసింది. శబ్దం సరిచూసుకోవడానికి ఏదైతేనేం అని, దాన్నే ముక్కలుగా కోసి వాడుకున్నాడు. కోసినప్పుడల్లా ఫైలు పేరు మార్చాడు. మొదట "చివరిది" అన్నాడు. ఇంకాస్త కోసి "అసలు చివరిది" అన్నాడు. మళ్ళీ కోసి "ఒట్టు, ఇదే చివరిది" అన్నాడు.

తర్వాత అసలు నటుడొచ్చాడు. నాటకాల్లో రాజు వేషాలు వేసే మనిషి. బీరువాలో దూరి "చిత్తం ప్రభూ! శత్రువును చీల్చి చెండాడుతాం!" అన్నాడు. బీరువా తలుపు ఊడి అవతల పడింది. ఒక్క దెబ్బకే పని పూర్తయిపోయింది కాబట్టి ఆ ఫైలుకి మామూలుగా "హిట్టైట్లు చివరిది" అని పేరు పెట్టారు.

బొమ్మలాయన కూడా గుర్రాల సంగతి తేల్చేశాడు. రథం ముందు పొట్టల దాకా ఏపుగా గడ్డి గీసి, కాళ్ళన్నీ అందులో దాచేశాడు. రథం కదిలితే గడ్డీ కదులుతుంది. హిట్టైట్లు ఎడారిలోకి వెళ్ళినా, వంతెన ఎక్కినా, రాజుగారి కొలువులోకి వచ్చినా, ఆ పచ్చగడ్డి వెంటే వచ్చేది.

శుక్రవారం సాయంత్రం గొంతులు ఆటలోకి ఎక్కించాలి. "నేను పెట్టేస్తా అన్నా," అంది ప్రోగ్రామరమ్మాయి.

"నాకు నేర్పుతున్నావా? కంప్యూటరు పుట్టినప్పుడు బొడ్డు కోసిన చేతులివి."

ఫైళ్ళు వరసగా ఉన్నాయి. "హిట్టైట్లు చివరిది" ఉంది, "ఒట్టు, ఇదే చివరిది" ఉంది. ఎంత తెలివితక్కువవాడైనా ఒట్టేసినదాన్నే నమ్ముతాడు కదా. విశ్వకోశం అదే ఎక్కించి, చేతులు దులుపుకుని ఇంటికెళ్ళాడు.

శనివారం ఓ అపార్టుమెంటు కిందున్న హాలు అద్దెకి తీసుకుని, మడతబల్లల మీద కంప్యూటర్లు పెట్టారు. జనం బాగానే వచ్చారు. రోమన్లకి, ఈజిప్టుకి వరసలు కట్టారు. హిట్టైట్ల బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉంది. విశ్వకోశం ఆ పక్కనే నిలబడి దారినపోయే వాళ్ళందరికీ, రథం తోలడం తనకెవరు నేర్పారో చెబుతున్నాడు. జనం ఇంకాస్త దూరంగా జరుగుతున్నారు. బొమ్మలాయన ఓ మూల కూర్చుని అప్పుడే వైకింగు పడవ గీసుకుంటున్నాడు.

ఎట్టకేలకు ఒక బస్సు కండక్టరు, ఎక్కడా చోటులేక, వచ్చి కూర్చున్నాడు. గుబురుగడ్డం హిట్టైటు ఒకడి మీద నొక్కాడు.

"అన్నిటికీ నేనేనా? ఈ ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నాడు గడ్డంవాడు, అక్క గొంతుతో.

కండక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. "లేదక్కా, లేదక్కా... కూర్చో," అన్నాడు కంప్యూటరుతో.

విశ్వకోశం ఒంట్లో రక్తం అంతా చెప్పుల్లోకి దిగిపోయింది. ఆపుదామని చెయ్యి చాచేలోగా కండక్టరు ఇంకొకణ్ణి కట్టెలకి పంపాడు.

"తిన్నాక పళ్ళెం కూడా ఎత్తని నువ్వే నాకు పని చెప్పేవాడివా?" అంటూ వాడు గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళాడు.

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. రోమన్లతో ఆడుతున్న పళ్ళ డాక్టరు యుద్ధం మధ్యలో సైన్యాన్ని గాలికొదిలేసి వచ్చి నిలబడ్డాడు. ఈజిప్టువాళ్ళు హిట్టైట్ల కోట మీద పడ్డారు. గోడ కూలుతుంటే, సేనాపతి పచ్చగడ్డిలో రథమెక్కి వచ్చి, "అప్పుడే చెప్పాను! చెప్పానా లేదా? నా మాట ఎవడు వింటాడు!" అని అరిచాడు. జనం కడుపులు పట్టుకుని బల్లల మీద వాలిపోయారు. పళ్ళ డాక్టరు నవ్వీ నవ్వీ, అంతమందికి దవడలు నొక్కినవాడు, తన దవడ తనే నొక్కుకున్నాడు.

ఆట అయిపోయింది. కండక్టరు కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి. వీళ్ళతోనే," అన్నాడు.

మేడమ్ విన్నది. విశ్వకోశానికి పోయిన రక్తం తిరిగొచ్చింది, దాంతోపాటే నోరూ వచ్చింది. "ఇదంతా నా ప్లానేనండీ! ఎన్నాళ్ళుగానో ఆలోచించి..."

"ఆపండి!"

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. వెనక బావ, చేతిలో ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. తమ్ముడి సంగతేమైందో చూసి పోదామని వచ్చారు. ఆ కేకకి హాల్లో మనుషులే కాదు, పంకాలు కూడా ఆగిపోయాయని అక్కడున్నవాళ్ళు ఈనాటికీ చెబుతారు.

"ఎవర్నడిగి నా గొంతు ఈ గడ్డాలవాళ్ళకి అతికించావురా?"

"అక్కా, అది పొరపాటున..."

"ఇప్పుడే ప్లాననలేదూ?"

"పర్లేదులెండి," అంది మేడమ్ మధ్యలోకి వస్తూ.

"మీకు పర్లేదమ్మా. గొంతు నాది. తీసెయ్యమనండి."

మేడమ్ "పర్లేదులెండి" పనిచేయకపోవడం అదే మొదటిసారి. ఆవిడ ప్రోగ్రామరమ్మాయి వైపు తిరిగింది. "ఆవిడ గొంతు, ఆవిడ ఇష్టం. తీసెయ్యండి," అంది.

ప్రోగ్రామరమ్మాయి నటుడి గొంతు ఎక్కించింది. కండక్టరు గడ్డంవాడి మీద నొక్కాడు. "చిత్తం ప్రభూ!" అని వాడు గర్జించాడు. కండక్టరు ఇంకోసారి నొక్కాడు. "చిత్తం ప్రభూ!" కండక్టరు సంచీ భుజాన వేసుకున్నాడు. "నేను వెళ్ళొస్తానండి. డ్యూటీ ఉంది." పళ్ళ డాక్టరు కూడా మెల్లగా రోమన్ల దగ్గరికి జారుకున్నాడు.

బావ చొక్కా మడత విప్పాడు. "భుజాల దగ్గర కాస్త వదులుంటుంది బావమరిదీ. మోసేకొద్దీ సరిపోతుంది."

విశ్వకోశం చొక్కా వంక చూశాడు, అక్క వంక చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతనికి మొదటిసారి, చెప్పడానికి కోతేదీ దొరకలేదు. వెతగ్గా వెతగ్గా ఆ రెండో ఏడాది పాఠం ఆఖరి పేజీ ఒకటి తగిలింది.

"అక్కా, వాళ్ళకో రాణి ఉండేది," అన్నాడు. "మామూలు రాణి కాదు. ఈజిప్టుతో సంధి చేసుకుంటే, పత్రం మీద రాజు ముద్రతోపాటు ఆవిడ ముద్ర కూడా వేయించుకుంది. ఈజిప్టు రాజుతో ఉత్తరాలు నడిపింది. ఆయన ఏదో మాటంటే, తిరిగి వాయించింది కూడా."

"ఓడలో ఉన్నప్పుడు కలిశావా ఆవిణ్ణి?" అన్నాడు బొమ్మలాయన.

"ఇది నిజం!"

"పేరేంటో?" అంది అక్క.

"పుదుహెపా."

ఆ పేరు వినగానే ఇది పచ్చి కోతేనని అందరికీ రూఢి అయిపోయింది. బావ చొక్కా గుండీలు తీయడం మొదలుపెట్టాడు. మేడమ్ నిట్టూర్చింది. విశ్వకోశం అందరి మొహాల్లోకీ చూస్తూ, "ఒట్టు, ఇది నిజం," అన్నాడు. అతని ఒట్టు విలువ శుక్రవారమే తేలిపోయింది గనక ఎవరూ పట్టించుకోలేదు.

ప్రోగ్రామరమ్మాయికి మాత్రం జాలేసి ఫోన్లో వెతికింది. చదివింది. మళ్ళీ చదివింది.

"అన్నా..." అంది నోరు తెరిచి. "ఉంది. రాణీ ఉంది. ముద్రా ఉంది. ఉత్తరాలూ ఉన్నాయి!"

హాలు హాలంతా విశ్వకోశాన్ని వింత జంతువుని చూసినట్టు చూసింది. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది విశ్వకోశమే. నిజం చెబితే ఇలా ఉంటుందా అన్నట్టు పెదాలు తడుముకున్నాడు.

అక్క ఫోను లాక్కుని, రాతిమీద చెక్కిన ఆ రాణి బొమ్మని చాలాసేపు చూసింది. "మొగుడితో సమానంగా ముద్ర వేసిందా?" అంది.

"వేసింది."

"మరి ఆ మాటలన్నీ ఈవిడ అనాలి గానీ గడ్డాలవాళ్ళంటారేంట్రా, బుద్ధిలేకుండా? ఈవిడంటుంది, వాళ్ళు వింటారు. అలా పెడితే నా గొంతు పెట్టుకోండి. ఆ గడ్డాలవాళ్ళు మాత్రం నోరెత్తకూడదు."

"పర్లేదా అండీ?" అని మేడమ్ చాలా జాగ్రత్తగా అడిగింది.

"పర్లేదు," అంది అక్క.

గుమ్మం దాకా వెళ్ళిన కండక్టరు వెనక్కొచ్చి, సంచీ దించి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "వారం రోజుల్లో రాణి వచ్చేస్తుందా? అయితే వచ్చే శనివారం ఈ కుర్చీ నాదే. ఎవరూ కూర్చోకండి," అన్నాడు హాలంతటికీ వినపడేలా. మేడమ్ విశ్వకోశం వైపు తల ఊపింది. బావ చొక్కా మళ్ళీ మడతపెట్టి, "ఎక్కడికీ పోదులే," అని చంకలో పెట్టుకున్నాడు.

అలా హిట్టైట్లు పన్నెండోవాళ్ళయ్యారు, విశ్వకోశం కుర్చీ విశ్వకోశానికి మిగిలింది. ఆ సోమవారం అక్క బీరువాలో కూర్చుంది, ఊడిన తలుపు మళ్ళీ బిగించనివ్వకుండా, ఎదురుగా అందర్నీ నిలబెట్టుకుని. యుద్ధానికి పంపేటప్పుడు ఏమనాలో, గెలిచి వస్తే ఏమనాలో, ఆలస్యంగా వస్తే ఏమనాలో, అన్నీ ఒకరు చెప్పక్కర్లేకుండా తనే అంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ మీద అన్న మాటలకి బొమ్మలాయన రేపట్నుంచి పెందలాడే వస్తానని దండం పెట్టాడు.

"ఇక ఒక్కటి మిగిలింది," అంది ప్రోగ్రామరమ్మాయి. "హిట్టైట్లు ఓడిపోతే రాణి ఏమంటుంది?"

"ఓడిపోవడమేంటి?"

"అంటే అక్కా, ఒకవేళ ఆడేవాళ్ళు సరిగ్గా ఆడక..."

అక్క ఏమీ అనలేదు. ఊరికే ఆ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి విశ్వకోశం వైపు చూసింది, విశ్వకోశం దుప్పటి వైపు చూశాడు. ఎంతసేపు గడిచినా ఆవిడ అలాగే చూస్తోంది. చివరికి ప్రోగ్రామరమ్మాయి మెల్లగా రికార్డింగు ఆపేసి, ఆ మౌనాన్నే ఉన్నదున్నట్టు ఆటలో పెట్టేసింది.

ఇప్పుడు ఆ ఆటలో రోమన్లు ఓడిపోతే ఏడుపులు వినిపిస్తాయి, మంగోలులు ఓడిపోతే బూర మోగుతుంది. హిట్టైట్లు ఓడిపోతే మాత్రం ఏ శబ్దమూ ఉండదు. రాణి తెరమీదికొచ్చి, ఏమీ అనకుండా, ఆడినవాడి వైపు చూస్తుంది. అక్కలున్నవాళ్ళెవరూ ఆ చూపుని రెండు క్షణాలకి మించి తట్టుకోలేరు. గబగబా బటన్ నొక్కి, మళ్ళీ మొదటినుంచి ఆడతారు.